ఎవరి బిళ్ళ వాళ్ళ చేత్తో

అశ్వని కార్తె, సోమవారం

మల్లన్నకు దీపం పెట్టి ఇది మొదలుపెడుతున్నాను. బొగ్గుబాయి లోపల నాలుగో లెవల్‌కు గాలి అందించే పని ఈ ఏడు మా ఇంటికి అప్పగించారు. పని చేసే ఇల్లు ఏ రోజుది ఆ రోజు రాయాలని బాయి కట్టుబాటు. తర్వాత ఎప్పుడో ఎవరో వచ్చి మేము బిగించింది విప్పుతారు. వాళ్ళకు పనికొచ్చేదే రాస్తాను.

మా ఇంట్లో ముగ్గురం. నేను ఓదెమ్మ, తమ్ముడు మొగిలి, చెల్లె సరవ్వ. మమ్మల్ని కన్న అవ్వ పోయేనాటికి ఆ ఇద్దరూ చిన్నవాళ్ళు. ఇప్పుడు మొగిలి మీసం నెరిసింది. అయినా అన్నం నేనే వడ్డించాలి.

బొగ్గు తవ్వడం మా తాతల కాలానికే ఆగిపోయింది. బాయి మాత్రం మిగిలింది. భరణి కార్తె దాటితే పైన ఎండకు మనిషి నిలవడు, అందుకే మృగశిర వానలు పడేదాకా కిందే ఉంటాం. పై మూడు లెవళ్ళు మనుషులతో నిండిపోయాయి. ఊళ్ళో మిగిలిన పైపేట వాళ్ళకు చోటు లేదు. పోయినేడు రోహిణిలో వాళ్ళు తడి గోనెలు కప్పుకుని ఇళ్ళలోనే ఉండిపోయారు. వానలు పడ్డాక వెళ్ళి తలుపులు తట్టాం. కొన్ని తెరుచుకోలేదు.

ఈసారి రోహిణి రాకముందే నాలుగో లెవల్‌లో గాలి ఆడితే వాళ్ళంతా దిగుతారు. ఆడకపోతే మళ్ళీ పైనే. అదీ పని.

అశ్వని కార్తె, గురువారం

కరెంటు పట్టీలు పట్టాల మీద నడిచే టబ్బులో దిగాయి. రెండు. మనిషంత పొడవు, అరచేయంత వెడల్పు, ఒళ్ళంతా సాకెట్లు. ఫ్యాన్లను, చల్లటి గాలి మెషిన్లను, నీటి పంపును నడిపించే కంప్యూటర్లన్నీ ఒకే ర్యాక్‌లో ఉంటాయి. దాని వెనక ఎడమకొకటి, కుడికొకటి ఈ పట్టీలు నిలబడాలి.

మామూలు పట్టీలు కావు. తూర్పు కొండల మీద కంట్రోల్ గదిలో కూర్చున్న మనిషి వీటిలో ఏ సాకెట్‌కు కరెంటు వేయాలన్నా, తీయాలన్నా అక్కడి నుంచే చేస్తుంది. అలా ఎందుకంటే, పని అయ్యాక ఈ గది తలుపు మూసి లోపల నైట్రోజన్ నింపుతాం. బొగ్గు ధూళికి నిప్పు అంటకూడదు. ఆ గాలిలో మనిషికి ఊపిరి ఆడదు. మళ్ళీ మృగశిరకే తలుపు తెరిచేది. అప్పటిదాకా స్విచ్చు నొక్కే చెయ్యి కొండ మీదే ఉండాలి.

బిళ్ళ గురించి కూడా రాయాలి. బాయి గేటు దగ్గర మేకుల బోర్డు ఉంది. ఇంటికో మేకు, ఇంటికో ఇత్తడి బిళ్ళ. దిగేటప్పుడు ఇంటి పెద్ద దాన్ని మేకు మీద నుంచి తీసి కొంగున కట్టుకుంటుంది. పెద్ద దిగితే ఇల్లు దిగినట్టు, పెద్ద ఎక్కితే ఇల్లు ఎక్కినట్టు. గేటు బిళ్ళ చూపిస్తేనే తెరుచుకుంటుంది. కరెంటు బ్రేకర్ల పక్కన కూడా బిళ్ళలకు ఒక గూడు ఉంది. అందులో ఒక్క బిళ్ళ ఉన్నా ఏ బ్రేకరూ లేవదు, ఇక్కడి నుంచైనా, కొండ మీద నుంచైనా.

మా బిళ్ళ అవ్వ చేతి నుంచి నాకొచ్చింది. రోజూ పొద్దున దానికీ బొట్టు పెడతాను.

భరణి కార్తె, శనివారం

ముందు గది కడిగాం. గోడలకు, నేలకు సున్నపుపొడి చల్లాం. నల్లధూళి మీద తెల్లపొడి ఉంటే మంట పాకదు.

తర్వాత రెండు బ్రేకర్లూ దించి బిళ్ళ గూట్లో పెట్టాను. మొగిలి మీటరు తీశాడు. నేను ఆపాను. ముందు కరెంటున్న తీగ మీద మీటరు పలుకుతుందో లేదో చూడాలి. తర్వాత మనం ముట్టుకోబోయే తీగ మీద. తర్వాత మళ్ళీ కరెంటున్న తీగ మీద. మధ్యలో మీటరే పాడైతే మనకు తెలిసేది ఇలాగే.

“మూడుసార్లు దండం పెట్టిస్తున్నవు గదనే మీటరుతోని,” అన్నాడు మొగిలి.

“పెట్టనియ్యి. దానికేం మోకాళ్ళ నొప్పులున్నయా?”

సరవ్వ నవ్వింది. “అక్కకు దేవుని తర్వాత మీటరే.”

అన్నిటికంటే ముందు ఎర్త్ తీగ. పట్టీ ఒంటికి, ర్యాక్ ఒంటికి, రెంటికీ కలిపి బాయి ఎర్త్‌కు. అది గట్టిగా బిగిసేదాకా ఇంకో తీగ ముట్టుకోనివ్వలేదు. పట్టీని ఒక్కరే ఎత్తకూడదు, కిందికి జారితే మూలలు వంగుతాయి. మొగిలి పైన పట్టుకున్నాడు, సరవ్వ కింద. నేను బిగించాను. ఎడమ పట్టీకి ఎర్ర టేపు, కుడి పట్టీకి నీలం టేపు. రెండింటికీ కరెంటు వేర్వేరు బ్రేకర్ల నుంచి వస్తుంది. ఒకటి పోయినా రెండోది మోయాలి.

సాయంత్రం పైకి వచ్చాం. పైపేట ఆడవాళ్ళు గేటు నీడలో కూర్చుని ఉన్నారు. ఒకావిడ అడిగింది, “ఎప్పుడు దిగాలెనమ్మా?” అని. రోహిణి లోపల అని చెప్పాను. నాకు అనుమానం లేదు.

భరణి కార్తె, బుధవారం

ప్రతి కంప్యూటర్‌కూ రెండు వైర్లు. ఒకటి ఎర్ర పట్టీకి, ఒకటి నీలం పట్టీకి. సరవ్వ ఒకదానికి రెండు వైర్లూ ఎర్రదానికే గుచ్చింది. అలా ఉంటే ఎర్రది పోయిన రోజు ఆ కంప్యూటర్ కూడా పోతుంది. నేను వేలితో చూపించాను. సరవ్వ నాలుక కరుచుకుంది. అందుకే ప్రతి వైరునూ చివరిదాకా చేత్తో తడుముతూ పోవాలి. కళ్ళను నమ్మకూడదు, వెనక అన్నీ నల్లవే.

ప్లగ్గులు ఊడకుండా ఒక్కోదానికీ కొక్కెం వేశాం. మూడు ఫేజుల మీద కరెంటు బరువు సమంగా పంచాం.

తర్వాత నెట్‌వర్క్ కేబుల్ పెట్టి కొండ మీదికి కలిపాం. అటు నుంచి మాట్లాడే అమ్మాయి పేరు సుకాంతి. చాలా బాయిలకు ఆమే చూస్తుందట. వెనకాల వాన చప్పుడు వినిపించింది. అక్కడ ఈ నెలలో కూడా వాన పడుతుందని విన్నాను గాని నమ్మలేదు.

“నమస్కారమండీ ఓదెమ్మగారూ. ముందుగాల ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ తీసీయండి. అది లోకమంతకీ తెలుసు.”

తీసేశాం. తర్వాత సాకెట్లకు పేర్లు పెట్టమంది. అంకెలతో గుర్తుండదు, ఏ సాకెట్ దేనిదో పేరుతో ఉండాలి. ఆ పని సరవ్వకు ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

కాసేపటికి సుకాంతి గొంతు స్పీకర్‌లో వచ్చింది. “ఓదెమ్మగారూ, ఇక్కడ ఒకటో ఫ్యాన్‌కి ‘గాలిమాటల చిన్నమామ’ అని ఉందండి. నీళ్ళ పంపుకి ‘ఏడ్పుగొట్టు మేనత్త’ అని. ఇదేటండీ?”

“మా చుట్టాలే,” అంది సరవ్వ. “మామ ఎన్ని గంటలైనా ఆగకుండ మాట్లాడ్తడు. గసొంటి ఫ్యాన్ గావాలె మాకు.”

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. నేను పేర్లు మార్పించాను. ఒకటో ఫ్యాన్, రెండో ఫ్యాన్, పంపు. మామ పేరు మాత్రం బ్రాకెట్లో ఉండనిమ్మని సుకాంతే బతిమాలింది. ఉండనిచ్చాను.

కృత్తిక కార్తె, ఆదివారం

ఈ రోజుది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నిన్న ఎడమ పట్టీకి కాసేపు కరెంటు ఇచ్చి చూశాం. వైరు పట్టీలోకి దూరే చోట వేడెక్కింది. జాయింటు వదులు. ఈ ఉదయం దాన్ని విప్పి బిగించాలనుకున్నాం. బ్రేకర్ దించాను, బిళ్ళ గూట్లో పెట్టాను, మీటరు మూడుసార్లూ చూశాం. మొగిలి ర్యాక్ వెనక్కి దూరి మూత విప్పాడు. సరవ్వ సొరంగం మలుపులో ఫ్యాన్ల పెట్టెలు విప్పుతోంది.

గేటు నుంచి ఫోను. బోర్డు చూసే రాజలింగు బాపు. గాలి ఫిల్టర్లు వచ్చాయి, ఇంటి పెద్దే వచ్చి తీసుకోవాలి, లారీ ఎండ ముదరకముందే వెళ్ళిపోతుంది, జల్ది రమ్మన్నాడు.

బిళ్ళ లేకుండా గేటు తెరుచుకోదు. గూట్లోంచి బిళ్ళ తీసి కొంగున కట్టుకుని బయల్దేరాను. అవ్వ అలాగే చేసేది. బాయిలో ప్రతి ఇంటి పెద్దా అలాగే చేస్తుంది. పని మీద ఉన్నది మా ఇల్లే కదా, వేరే వాళ్ళు వచ్చి బ్రేకర్ ఎత్తేదేముంది అనుకునేవాళ్ళం. ఎత్తేది ఎప్పుడూ మేమే. ఎత్తే ముందు చుట్టూ చూసి, పేరు పేరునా పిలిచి, అందరి ముఖాలూ కనబడ్డాకే ఎత్తేవాళ్ళం.

కొండ మీద సుకాంతికి ముఖాలు కనబడవు. ఆమెకు గూట్లో బిళ్ళల లెక్క కనబడుతుంది. సున్నా కనబడింది. ఎడమ పట్టీకి కరెంటు ఇచ్చి చూడాలని ముందే అనుకున్నాం కాబట్టి, జాయింటు పని అయిపోయిందనుకుంది. స్పీకర్‌లో చెప్పింది, “ఎడమది ఇస్తున్నానండీ,” అని. స్పీకరు తలుపు దగ్గర ఉంది. మొగిలి తల ర్యాక్ వెనక ఉంది. ఆమె నియమం ప్రకారం ఆగింది. ఎవరూ వద్దనలేదు. ఇచ్చింది.

మొగిలి చేతిలో పానా ఉంది. ఒక కొన జాయింటు మీద, ఇంకో కొన ర్యాక్ అంచుకు తగిలింది. నిప్పు లేచింది. ఎర్త్ గట్టిగా ఉంది కాబట్టి బ్రేకర్ ఆ క్షణంలోనే దానంతటదే పడిపోయింది. సున్నపుపొడి ఉంది కాబట్టి మంట పాకలేదు. మొగిలి కుడి అరచేయి మాత్రం కాలింది.

సరవ్వ కేక నాకు సొరంగంలో వినిపించింది. పరుగెత్తాను. చాలా ఏళ్ళ తర్వాత పరుగెత్తాను.

అతను నేల మీద కూర్చుని చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. నన్ను చూడగానే అన్నాడు, “ఏం గాలే అక్కా. నువ్వు బిరబిర ఉరుకకు, మోకాలు పట్టుకుంటది.”

కృత్తిక కార్తె, సోమవారం

డాక్టరు కట్టు కట్టాడు. వేళ్ళు ఆడతాయి, చర్మం వస్తుందన్నాడు. మల్లన్నకు కొబ్బరికాయ కొట్టాను.

సుకాంతి ఫోను చేసింది.

“నాకు సున్నా కనబడిందండీ.”

“నీ తప్పు గాదు బిడ్డా.”

“లోపల ఎంతమంది పని సేస్తన్నారండి?”

“ముగ్గురం.”

“బిళ్ళలెన్ని?”

“ఒక్కటి.”

అటు నుంచి వాన వినిపిస్తోంది.

“మరి మిగతా ఇద్దరూ నాకెలాగ తెలుస్తారండీ?”

ఎవరి బిళ్ళ వాళ్ళకు ఉండాలి, ఎవరిది వాళ్ళే పెట్టి వాళ్ళే తీయాలి, అంతదాకా ఎర్రదీ ఇవ్వను నీలందీ ఇవ్వను అని చెప్పింది. చిన్నపిల్లే గాని గట్టిగా చెప్పింది. సరే అన్నాను. రెండు బిళ్ళలు పోత పోయించడం ఎంత పని.

కృత్తిక కార్తె, బుధవారం

బిళ్ళలు పోత పోయించడం చిన్న పనే. ఇప్పించడమే కాలేదు.

రాజలింగు బాపు నా మాట పూర్తిగా విని, మేకుల బోర్డు వైపు చూపించాడు. ఆయన తాత కూడా ఆ బోర్డే చూసేవాడు.

“వేరే బిళ్ళంటే వేరే మేకు. వేరే మేకంటే వేరే పొయ్యి. నీ ఇల్లు చీలుస్తవా ఓదెమ్మా? గీ వయసుల?”

“పొయ్యి ఒక్కటే బాపూ. బిళ్ళలే మూడు.”

“గట్ల ఎన్నడన్న ఉన్నదా?”

లేదు. ఈ బాయిలో కొత్త బిళ్ళ ఇచ్చిన ప్రతిసారీ ఒక ఇల్లు రెండయింది. అన్నదమ్ములు కుండలు పంచుకుంటారు, మధ్యలో గోడ లేస్తుంది, ఆ రోజే కొత్త బిళ్ళ. అది అందరూ ముఖం తిప్పుకునే రోజు.

ఇంటికి వచ్చి చెప్పాను. మొగిలి తినడం ఆపేశాడు. సరవ్వ అతనికి ముద్దలు కలిపి పెడుతోంది, కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి.

“ఏం తప్పు జేసినమని ఎళ్ళగొడ్తున్నవ్ పెద్దక్కా?”

“ఎవరు ఎళ్ళగొడ్తున్నరు రా?”

“వేరే బిళ్ళ ఇస్తనంటివి గద. చెయ్యి గాలింది నాది. నేనేమన్న అన్ననా? ఇంకో చెయ్యి గాలినా అన. నీ బిళ్ళ కిందనే ఉంట.”

సరవ్వ తల వంచుకుని ఇంకో ముద్ద కలిపింది. అది మాట్లాడకపోతే ఇల్లు బావుండదు.

పైపేటలో ఈ రోజు మేకలు పడిపోయాయని గేటు దగ్గర చెప్పారు.

కృత్తిక కార్తె, శుక్రవారం

సరవ్వే దారి కనిపెట్టింది. పొద్దున్నే రాజలింగు బాపు దగ్గరికి వెళ్ళి ఆయన్ను ఒప్పించి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“మూడు బిళ్ళలు పోపిస్తడట. మూడూ నీ కొంగునే కట్టుకో. మేకు ఒక్కటే ఉంటది, ఇల్లు చీలదు. కొండ మీది పిల్లకు మూడు కనపడ్తయి. నువ్వే మూడూ పెడ్తవ్, నువ్వే మూడూ తీస్తవ్. అయిపాయె.”

మొగిలి తల ఊపాడు. “అయిపాయె పెద్దక్కా. రేపే కరెంటు.”

రాజలింగు బాపు కూడా ఫోనులో అదే అన్నాడు. “మస్తు ఉపాయం. పైపేటోళ్ళు ఎదురుచూస్తున్నరు. ఇగ ఆలోచించకు.”

ఇద్దరి ముఖాల్లో సంతోషం చూశాను. పైన ఎండ. గేటు నీడలో ఆడవాళ్ళు. అలా చేస్తే సుకాంతికి ఎన్నటికీ తెలియదు.

“నా కొంగున మూడుంటే,” అన్నాను, “నేను గేటు కాడికి పోయిన్నాడు మూడూ పోతయి.”

సరవ్వ ముఖం వాడిపోయింది. దానికి వెంటనే అర్థమైంది. మొగిలికి అర్థమైనా ఒప్పుకోలేదు. “నువ్వు ఇగ మర్చిపోవు గదా,” అన్నాడు.

అది నా మీద అతని నమ్మకం. చిన్నప్పటి నుంచి నేను పెంచిందే. దానికి నేను సంతోషించాలి. వాడి చేతి కట్టు చూస్తూ సంతోషించలేకపోయాను.

కృత్తిక కార్తె, శనివారం

ఉదయం దీపం కుందె తోముతూ కూర్చున్నాను. తోమడం అయ్యాక బిళ్ళకు బొట్టు పెట్టబోయి ఆగాను. మల్లన్నను ఒకటే అడిగాను: నా చెయ్యి అడ్డం ఉంటే తప్పించు స్వామీ అని.

బిళ్ళను కొంగుకు కట్టుకోలేదు. దేవుడి గూట్లోనే పెట్టేశాను. ఇద్దరినీ వెంటబెట్టుకుని గేటు దగ్గరికి పోయాను.

“రాజలింగు బాపూ, నా పేరు మీద ఒక బిళ్ళ పోపియ్యి. ఓదెమ్మ అని రాయి.”

ఆయన నన్ను, నా వెనకున్న ఇద్దరినీ చూశాడు. “ఇంటి పెద్దవు నువ్వే వేరువడ్తవా?”

“ఆ.”

“ఎక్కడన్న ఉన్నదానే గిది?”

“లేకపోతే ఇయ్యాల్టి నుంచి ఉంటది. చిన్నోళ్ళు వేరువడితే ఇల్లు చీలినట్టు. పెద్దది వేరువడితే ఏమంటరో ఎవలూ చెప్పలే గద, మీ తాతైనా.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. నిజంగానే ఎవరూ చెప్పలేదు.

మొగిలి ముందుకొచ్చాడు. “ఏం జేస్తున్నవ్ అక్కా?”

“మీరిద్దరు ఇంటి బిళ్ళ కిందనే ఉండున్రి. బయటున్నది నేనొక్కదాన్నే. పొద్దుగూకినంక ఇంటికి చుట్టం లెక్క వస్త. బువ్వ పెడ్తే తింట.”

“చుట్టమా!”

“మరి నాతోని ఉండాల్నంటే మీరు గూడ పేరు రాపిచ్చుకోవాలె.”

సరవ్వ మొదట నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత రెండూ కలిపి, “ఏం మెలిక పెట్టినవే తల్లీ,” అంది. “రాయి బాపూ, సరవ్వ అని రాయి. గుండ్రంగ, అందంగ రాయి. మా అక్క చుట్టమై వస్తే వండిపెట్టేటోళ్ళు ఎవరు?”

మొగిలి బోర్డు మీద మా మేకు వైపు తిరిగాడు. నేను అతని వైపు చూడలేదు. చూస్తే నా మాట మీదే బిళ్ళ తీసుకుంటాడు.

“మేకు?” అని అడిగాడు చివరికి.

రాజలింగు బాపు మా మేకు వైపు చూసి, “ఒక్క మేకుకు మూడు బిళ్ళలు తగిలిస్తే మేకేమన్న అంటదా,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “కానీ పొద్దుగూకినంక నేనొచ్చి చూస్త. పొయ్యి ఒక్కటుండాలె.”

“రా బాపూ. నీక్కూడ పెడ్త.”

వచ్చాడు. పొయ్యి ఒకటే ఉంది. పచ్చిపులుసు రెండుసార్లు పోసుకున్నాడు.

కృత్తిక కార్తె, ఆఖరి రోజు

రేపు రోహిణి ప్రవేశం.

పైపేట వాళ్ళు తెల్లవారగానే మూటలతో గేటు దగ్గరికి వచ్చేశారు. ముసలివాళ్ళను టబ్బుల్లో కూర్చోబెట్టారు. రాజలింగు బాపు స్వయంగా నాలుగో లెవల్‌కు దిగాడు. ఆయన ఇంత కిందికి రావడం ఇదే మొదటిసారి.

రెండు బ్రేకర్లూ దించి ఉన్నాయి. గూట్లో మూడు బిళ్ళలు. ఎవరిది వాళ్ళం పెట్టాం. కొత్త ఇత్తడి, మెరుస్తోంది. మీటరు మూడుసార్లు. ఎడమ పట్టీ జాయింటు మొగిలే బిగిస్తానన్నాడు, ఎడమచేత్తో పానా పట్టుకుని. సరవ్వ బ్యాటరీ దీపం పట్టింది. అతను బిగించాడు, చేయి ఆనించి చూశాడు, మళ్ళీ బిగించాడు. మూత వేశాడు. అయినా బయటికి రాలేదు.

పై నుంచి ఫోను మీద ఫోను. గేటు దగ్గర ఎండ నీడను తినేస్తోందట. ఒక ముసలాయన సొమ్మసిల్లాడట.

రాజలింగు బాపు గూడు దగ్గరికి వచ్చాడు. “ఓదెమ్మా, నువ్వు పెద్దదానివి. వాని బిళ్ళ నువ్వు తీయరాదు? మూత వేసిండు గద. ఏమున్నది ఇంక?”

నా చెయ్యి గూటి దాకా పోయింది. మొగిలి పేరున్న బిళ్ళ మీద వేలు ఆనింది కూడా. చల్లగా ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“మొగిలీ,” అని పిలిచాను.

“ఆగు అక్కా. ప్లగ్గు కొక్కెం ఒకటి లేసి ఉన్నది.”

మూత వేశాక కూడా అతని చెయ్యి ర్యాక్ లోపలే ఉంది. రాజలింగు బాపు అది విని గూటి దగ్గరి నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఎవరూ తొందరపెట్టలేదు. పై నుంచి ఫోను వస్తే ఆయనే తీసి, “ఆగున్రి, ఇంక లోపల మనిషున్నడు,” అని గద్దించాడు.

మొగిలి వంగుతూ బయటికి వచ్చాడు. చెమట తుడుచుకుని, కట్టున్న చెయ్యి వెనక పెట్టుకుని, ఎడమచేత్తో తన బిళ్ళ తీసుకున్నాడు. సరవ్వ తనది తీసి కళ్ళకు అద్దుకుంది. గదిలోంచి అందరం బయటికి వచ్చాం. ఇనుప తలుపు దగ్గర నిలబడ్డాం.

“సుకాంతీ, ఇయ్యి బిడ్డా,” అన్నాను.

“ఇవ్వలేనండీ. ఒకటి ఉండిపోయింది.”

మొగిలి తన జేబు తడుముకున్నాడు. సరవ్వ గుప్పిట విప్పి చూపించింది. వాళ్ళిద్దరూ నా ఎదురుగానే ఉన్నారు. ఇంకా మిగిలిన మనిషి ఎవరూ లేరు. లోపల ఇంకెవరైనా ఉన్నారేమోనని నేను తలుపులోంచి ర్యాక్ వెనక్కి చూశాను కూడా.

“ఎవలిది?” అని అడిగాను.

మొగిలి, సరవ్వ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొగిలే చెప్పాడు, మెల్లగా.

“నీదే పెద్దక్కా.”

గూట్లో ఒక్క బిళ్ళ. ఓదెమ్మ.

ఇన్నేళ్ళలో ఇంటి లెక్క ఎప్పుడు వేసినా ఇద్దరు ఉన్నారా లేదా అనే చూశాను. ఉన్నారంటే అయిపోయినట్టే. మూడో మనిషిని లెక్కపెట్టాలని ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

“తీయనా అక్కా?” అన్నాడు మొగిలి, ఊరికే అన్నాడు.

“ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త.”

నా చేత్తో నేనే తీసుకున్నాను. బయటికి వచ్చి వాళ్ళిద్దరి పక్కన నిలబడ్డాను.

“సున్నా అండీ,” అంది సుకాంతి. “ఇచ్చీమంటారా?”

ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం.

“ఇయ్యి.”

ఎర్రది ముందు లేచింది. ఒక్కో సాకెట్ వెలుగుతూ, మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఆగుతూ, కింది నుంచి పైకి. తర్వాత నీలంది. కంప్యూటర్లు లేచాయి. అప్పుడు సుకాంతి కావాలనే ఎర్ర పట్టీని ఆపేసింది. ఒక్క దీపం కూడా రెప్ప వేయలేదు, నీలంది మోసింది. ఎర్రది మళ్ళీ ఇచ్చి నీలంది ఆపింది. ఎర్రది మోసింది. తర్వాత రెండూ.

సొరంగం ఆ చివర ఏదో మూలిగినట్టయింది. ఒకటో ఫ్యాన్.

“మామ మాట్లాడుతున్నడు,” అంది సరవ్వ.

గాలి వచ్చింది. ముందు నేల మీది సున్నపుపొడిని కదిలించింది, తర్వాత మా చీర కుచ్చెళ్ళను. రాజలింగు బాపు తలపాగా తీశాడు. తర్వాత ఫోను తీసి పైకి చెప్పాడు:

“దిగున్రి. ముసలోళ్ళను ముందు పంపున్రి.”